సకారం బుస కొట్టిన వేళ

పొద్దున్నే ఎమ్మెస్ సుబ్బులక్ష్మి గారి విష్ణు సహస్రనామం రికార్డు పెట్టడం మా ఇంటి ఆనవాయితీ. స్పీకర్లు నలభై ఏళ్ల నాటివి. తార్నాకలో మా పాత ఇల్లు పడగొట్టి ఫ్లాట్లు లేపాక వాటినీ కొత్త హాల్లోకి చేర్చాను. మర్నాటి నుంచే తకరారు. ఆవిడ గొంతు గొంతులాగే ఉంది గానీ స, శ, ష వచ్చినచోటల్లా స్పీకర్ బుస కొడుతోంది. సహస్రనామంలో అవి రాని చోటెక్కడ? ‘ఏమండీ, ఆ పెట్టెలో పాముగానీ దూరిందా?’ అంది మా ఆవిడ.

అందరిలాగే నేనూ ముందు సన్న స్వరాలు పలికే ట్వీటర్‌ని అనుమానించాను. అయినా స్క్రూడ్రైవర్ పట్టేముందు యాంప్లిఫయర్ వెనక కుడి తీగ ఎడమకీ, ఎడమది కుడికీ మార్చి చూశాను. తీగతోపాటు బుస కూడా పక్క మారితే తప్పు యాంప్లిఫయర్‌దో, రికార్డు మీది సూదిదో. మారలేదు. కుడి పెట్టెలోనే ఉండిపోయింది. ఎడమదీ కొంచెం కీచుగానే ఉంది గానీ కుడిదాని ముందు అది సాధువు.

వూఫర్ ఊడదీస్తే లోపల బూజు, ఒక ఎండిన బొద్దింక, చెక్కకి అంటించిన కెపాసిటర్. తార్నాక అంటే తీగ కంచె దగ్గరి నాకా అని చెబుతారు కదా, ఈ కెపాసిటర్ కూడా నాకాయే. లావు స్వరాలను ఆపి సన్నవాటినే ట్వీటర్ దాకా పోనిస్తుంది. మాది 8 ఓమ్‌ల ట్వీటర్. దానికి 4.7 మైక్రోఫారడ్ పెడితే గేటు 4,200 హెర్ట్‌జ్ దగ్గర పడుతుంది. మీటర్ పెట్టి చూస్తే 6.1 చూపించింది. అంటే గేటు 3,300కి జారింది. బక్క ట్వీటర్ మీద దానికి మించిన బరువు పడితే అరవక ఏం చేస్తుంది?

కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లి రెండు ఫిల్మ్ కెపాసిటర్లు తెచ్చాను. ఒకటి మార్చి రెండోది వదిలేస్తే రెండు పెట్టెలూ రెండు రకాలుగా పాడతాయి. టంకం వేసి మోగిస్తే బుస పోయింది, దాని చోట మెరుపొచ్చింది. తంబురా తీగలు కూడా చెవిలో గుచ్చుకున్నాయి. ఇక్కడే చాలామంది కొత్త కెపాసిటర్‌ని తిట్టుకుంటారు. ముసలి కెపాసిటర్‌కి వయసుతోపాటు లోపలి నిరోధం పెరిగి, అదే ట్వీటర్ జోరుకి కళ్లెం వేస్తూ ఉంటుంది. కొత్తదానికి ఆ కళ్లెం లేదు. ట్వీటర్ తీగలో 1 ఓమ్ రెసిస్టర్ వరసగా కలిపాను. తగ్గేది ఒక్క డెసిబెల్ మాత్రమే, చెవికి అదే ఊరట.

అయినా ఇంకా ఏదో మిగిలింది. పై అంతస్తులో అద్దెకుండే రీసెర్చ్ స్టూడెంట్‌ని పిలిచాను. ముందు ఫోన్లో ఈలలు వినిపించి చూశాడు. 15,000 హెర్ట్‌జ్ అతనికి వినిపించింది, నాకు 9,000 దాటితే నిశ్శబ్దం. ఈ చెవులు పెట్టుకుని ఇన్నాళ్లూ తీర్పులు చెప్పాను! తర్వాత రికార్డు విని, ‘అంకుల్, కుడివైపు గోడ మోగుతోంది’ అన్నాడు.

రోజూ ఉస్మానియా క్యాంపస్‌లోనే నా వాకింగ్. మర్నాడు 1939లో తెరిచిన ఆర్ట్స్ కాలేజీ దాకా వెళ్లాను. ఆ రాతి కట్టడం లోపల చెప్పులీడ్చినా చప్పుడు పైకెళ్లి మళ్లీ దిగొస్తుంది. చదువుకునే రోజుల్లో చప్పట్లు కొట్టి ఆడుకున్నవాళ్లమే. ఇంటికొచ్చి హాల్లో ఒక్క చప్పట కొట్టాను. ‘టర్ర్’మంది. పాత ఇంట్లో పుస్తకాల బీరువాలు, పరుపులు, తలుపులకి గుడ్డ తెరలు ఉండేవి. ఇక్కడ నునుపు టైల్స్, అద్దం తలుపు, కుడి స్పీకర్ పక్కన బోడి గోడ. సన్నని శబ్దాలను మింగేది ఒక్కటీ లేదు.

అమ్మ చేతి బొంత తీసి రెండు మేకులు కొట్టి ఆ గోడకి వేలాడదీశాను. సకారం సకారంలా వినిపించింది. చిక్కల్లా ఒక్కటే. ఇంటికొచ్చిన చుట్టాలు అది తడి ఆరేసిందనుకుని, పోయేముందు తీసి మడతపెట్టి పోతున్నారు.