రెండు రిజిస్టర్ల మధ్య

ఆడిటర్లు దిగారంటే మునిసిపల్ ఆఫీసు అకౌంట్స్ సెక్షన్‌కి ఊపిరాడదు. రాష్ట్ర ఆడిట్ శాఖ వాళ్లంటే (పాత ఉద్యోగులకి ఇప్పటికీ ‘లోకల్ ఫండు’ వాళ్లే) ఎవరికీ పెద్దగా ఇష్టం ఉండదు. నాకు మాత్రం ఆ పనితనం చూడముచ్చట.

కూడికలో తప్పు ఎవరైనా పట్టగలరు. అసలు నేర్పంతా రెండు రిజిస్టర్లను పక్కపక్కన పెట్టి చదవడంలో ఉంది. నీళ్ల ట్యాంకర్ లాగ్‌బుక్‌లో రోజూ డీజిల్ పోయించినట్టు సంతకాలుంటాయి. అదే నెల రిపేరు ఓచర్ తీస్తే, బండి వారం పాటు షెడ్డులోనే ఉంది! కదలని బండి డీజిల్ ఎలా తాగింది? ఆడిట్ పేరా (అభ్యంతరం) రాయడానికి ఆ ఒక్క ప్రశ్న చాలు. ఆస్తి పన్ను రసీదు సోమవారం తెగి, బ్యాంకు చలానా పై సోమవారం కట్టి ఉంటే, ఆ వారం రోజులూ డబ్బు ఎవరి దగ్గరుందని అడుగుతారు. గొంతు పెంచరు. జవాబు మాత్రం రాతపూర్వకంగానే కావాలంటారు.

నష్టానికి బాధ్యులైన వాళ్ల నుంచి సర్‌చార్జి రాబట్టే వీలు 1989 నాటి ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఆడిట్ చట్టంలోనే ఉంది. జవాబుల్లేక పేరాలు ఏళ్ల తరబడి మూలుగుతుంటే ఆ తప్పు వీళ్లది కాదు. 15వ ఆర్థిక సంఘం ఆడిటైన లెక్కలు ఆన్‌లైన్‌లో పెడితేనే పట్టణాలకు గ్రాంటు అంది. అలా పెట్టిన చోట, ఆ లెక్కల కోసం కౌన్సిలర్ ఏ గుమాస్తా టేబుల్ ముందూ నిలబడక్కర్లేదు.