చుట్ట ఎవరి చేతిలో ఉంది?

ఆ మధ్య వికారాబాద్‌లో ఒక జూనియర్ కాలేజీ వార్షికోత్సవానికి వెళ్లాను. మా అన్న కూతురు 'కన్యాశుల్కం'లో గిరీశం వేసింది. కొన్ని ఘట్టాలు తీసుకుని, మధ్యలో పాటలు చేర్చి, హార్మోనియం, తబలాలతో గంటసేపటి సంగీత నాటికగా మలిచారు. ఆహ్వానపత్రం మీద 'సకుటుంబంగా చూడదగ్గ ప్రదర్శన' అని వేశారు. పంచెకట్టు, కోటు, కండువా, లాంతరు - 1890ల నాటి విజయనగరం కనిపించాలని పిల్లలు చాలా కష్టపడ్డారు. ఒక్క చుట్ట మాత్రం లేదు. దాని బదులు గిరీశం చేతికి కర్ర ఇచ్చారు.

రిహార్సల్స్‌లో చుట్ట ఉండేదట. కాగితం చుట్టి గోధుమరంగు వేసిన ఉత్తుత్తి చుట్ట. చూడటానికి వచ్చిన ఒక పెద్దాయన "ఆడిపిల్ల చేతిల చుట్టేంది సార్, మంచిగుండదు" అన్నాడట. అంతే, తీసేశారు. ఆయన అభ్యంతరం పొగాకు మీద కాదు, దాన్ని పట్టుకున్న చేతి మీద. మగపిల్లవాడు గిరీశం వేసి ఉంటే ఆ మాట వచ్చేది కాదనే నా అనుమానం.

పిల్లల ముందు పొగతాగడాన్ని ముచ్చటగా చూపించాలని నేను అనడం లేదు. 2003 నాటి పొగాకు నియంత్రణ చట్టం ప్రకారం ఆడిటోరియం బహిరంగ ప్రదేశమే, అక్కడ నిజంగా చుట్ట వెలిగించకూడదు. సినిమాలో అయితే అలాంటి దృశ్యం కింద హెచ్చరిక వేస్తారు. రంగస్థలానికి ఆ సౌకర్యం లేదు. కానీ ఈ నాటకానికి ఆ అవసరమూ లేదు. గురజాడ హెచ్చరికను నాటకంలోనే రాసిపెట్టాడు.

మొదటి అంకంలో పరీక్ష తప్పిన వెంకటేశం, మీ దగ్గర నేను నేర్చుకున్నది చుట్ట కాల్చడం ఒక్కటేనని గిరీశాన్ని నిష్ఠూరమాడతాడు. దానికి గిరీశం సిగ్గుపడడు. గరుత్మంతుడు అమృతం తెస్తుంటే ఒలికిన చుక్క పొగచెట్టయిందనీ, పొగతాగనివాడు దున్నపోతై పుడతాడనీ పద్యం చదువుతాడు. ప్రేక్షకులు నవ్వే ఈ చోటే నాటకానికి కీలకమని నేననుకుంటాను. ఒక దురలవాటుకు పురాణం తోడు తెచ్చుకున్నవాడు, రేపు తన స్వార్థానికి వితంతు వివాహ సంస్కరణను తోడు తెచ్చుకుంటాడు. రెండింటికీ పద్ధతి ఒకటే. పైగా చాటుగా చుట్ట నేర్పిన గురువు గుట్టును శిష్యుడు ఇంట్లో చెప్పలేడు. ఆ శిష్యుడి వెంటే గిరీశం అగ్నిహోత్రావధాన్లు ఇంట్లో అడుగుపెడతాడు. ఆ ఇంట్లోనే బుచ్చమ్మ ఉంది. చుట్ట తీసేస్తే ఈ వరస అంతా తెగిపోయి, ఇంగ్లీషు ముక్కలు, పాటలతో నవ్వించే ఒక సరదా మనిషి మిగులుతాడు. ఇంటిల్లిపాదీ చూడదగ్గవాడు! బుచ్చమ్మ లాంటి ఆడపిల్లలు అతన్ని గుర్తుపట్టే ఆనవాలును మనమే చెరిపేశామన్నమాట.

ఆ పద్యంలో శాపం కూడా మగవాడికే. పొగతాగని ఆడది ఏమై పుడుతుందో గిరీశం చెప్పడు. అతని లెక్కలో ఆమె లేదు. కానీ ఆ నాటకం పుట్టిన ఉత్తరాంధ్రలోనే చుట్ట నిప్పు వైపును నోట్లో పెట్టుకుని కాల్చే స్త్రీలున్నారు. దాన్ని 'అడ్డపొగ' అంటారు. అంగిలికి వచ్చే క్యాన్సర్‌కు దానితో ఉన్న సంబంధాన్ని వైద్యులు ఎన్నడో గుర్తించారు. నిప్పును నోట్లో దాచుకున్న ఆ స్త్రీలను, నేను చూసిన ఏ ప్రదర్శనలోనూ 'ఆ కాలం నాటి వివరం'గా ఎవరూ చూపించలేదు. కాలాన్ని చూపించడమంటే మన రంగస్థలానికి ఎక్కువగా పురుషుల కోటూ, కండువానే.

మా నాయినమ్మ తాండూరు దగ్గర పల్లెలో కంది చేలల్లో కూలికి పోయేది. పొద్దుగూకినంక షాబాదు బండల అరుగు మీద కూచుని చుట్ట తాగేది. రోజు మొత్తంలో ఆమె తన కోసం కూచునేది ఆ కాసేపే. మా నాయనకు టౌనులో నౌకరీ వచ్చాక "బంద్ చెయ్యవే అవ్వా, ఇజ్జత్ పోతది" అన్నాడు. ఆయన చార్మినార్ సిగరెట్టు మాత్రం ముందు గదిలో కుర్చీలోనే కాలేది. నాయినమ్మ దొడ్లోకి పోయి తాగడం మొదలుపెట్టింది. ఆయాసంతో తీసుకుని తీసుకుని పోయింది. కాబట్టి ఆ చుట్టను స్వేచ్ఛకు గుర్తుగా కీర్తించడం నా వల్ల కాదు. అయితే మా నాయన ఆమె ఊపిరితిత్తుల గురించి ఏనాడూ మాట్లాడలేదు, ఇజ్జత్ గురించే మాట్లాడాడు. వికారాబాద్ పెద్దాయన కూడా అదే మాట్లాడాడు. 'సకుటుంబంగా' అనే మాట ఎవరి ఆరోగ్యాన్ని కాపాడుతోంది, ఎవరి పరువును కాపాడుతోంది అని మనం విడదీసి అడగాలి.

తిరిగి తాండూరు పోయే రైల్లో మా అన్న కూతురు "అత్తమ్మా, చుట్ట తీసేస్తే గిరీశం మంచోడైపోయిండు. నాకు యాక్టింగ్ చేసుడే రాలే" అంది. పదిహేడేళ్ల పిల్ల, వేషం కట్టి లోపలి నుంచి చూసి చెప్పిన మాట అది. మళ్లీ ఎక్కడైనా ఈ నాటిక వేస్తే ఆ కాగితపు చుట్టను ఆమె చేతికి తిరిగి ఇవ్వండి. వెలిగించనక్కర్లేదు. వెంకటేశం నిష్ఠూరం మాత్రం వెనక వరసలో కూచున్న ఆడపిల్లలకు కూడా వినబడాలి.