సమానమంటే ఎలా సమానం?

వేలూరు నుంచి గుడియాత్తానికి రెండు దారులు. కాట్పాడి, లత్తేరి, కె.వి.కుప్పం మీదుగా ఒకటి. బెంగళూరు హైవేలో పళ్లికొండ దాకా వెళ్లి పాలారు దాటేది రెండోది. బస్సెక్కినవాడికి ఊరు చేరితే చాలు. టోపాలజీ చదివినవాడు ఇంకో ప్రశ్న వేస్తాడు: మొదటి దారిని తాడులా పట్టుకుని, ఎక్కడా తెగకుండా, కొసలు కదలకుండా కొద్దికొద్దిగా జరిపితే రెండోదాని మీదికి వస్తుందా? అడ్డేమీ లేకపోతే వస్తుంది. మధ్యలో దాటరాని మడుగుంటే రాదు. ఈ జరపడానికే హోమోటోపీ అని పేరు.

దీనికీ తర్కానికీ చుట్టరికం కలిపింది హోమోటోపీ టైప్ థియరీ. 1970లలో స్వీడన్ తర్కవేత్త పెర్ మార్టిన్-లోఫ్ కట్టిన టైప్ థియరీలో ప్రతి ప్రతిపాదనా ఒక టైపు, దాని నిరూపణ ఆ టైపులో ఒక సభ్యుడు. “క, ఖ సమానం” అన్నదీ టైపే. అందులో ఒకటికి మించి నిరూపణలు ఉండవచ్చని 1990లలో మార్టిన్ హోఫ్‌మన్, థామస్ స్ట్రైషర్ చూపించారు. ఆ తర్వాత స్టీవ్ అవోడీ, వ్లదీమిర్ వోయివోద్‌స్కీ వంటివాళ్లు టైపును ప్రదేశంగా, సభ్యుణ్ణి బిందువుగా, సమానత్వాన్ని దారిగా చదివారు.

ఈ విషయం చదివే పీజీ విద్యార్థికి తొలి దెబ్బ కూడికలోనే తగులుతుంది. నిరూపణలను సరిచూసే ప్రోగ్రాం, అంటే ప్రూఫ్ అసిస్టెంట్ అయిన యాగ్డాలో కూడికను ఎడమవైపు సంఖ్యను పట్టుకుని నిర్వచిస్తారు. “0+న = న” అని రాస్తే యంత్రం మారుమాటాడదు, నిర్వచనమే అది కాబట్టి. “న+0 = న” అంటే మాత్రం ఒప్పుకోదు. ‘న’ ఏమిటో తేలకుండా లెక్క కదలదు, ఇండక్షన్ చేయాల్సిందే. ఒకటో తరగతి నుంచీ ఒకటే అనుకున్న రెండు మాటల మధ్య ఇంత దూరం ఉందా అనిపిస్తుంది.

అసలు రుచి యూనివాలెన్స్‌లో ఉంది. రెండు టైపుల మధ్య ఇటూ అటూ సరిపోయే జోడింపు ఉంటే, అదే వాటి సమానత్వానికి దారి అంటాడు వోయివోద్‌స్కీ. అవును, కాదు అని ఇద్దరే సభ్యులున్న టైపును తీసుకోండి. దాన్ని దానితోనే జోడించే పద్ధతులు రెండు: ఉన్నదున్నట్టు ఉంచడం, తారుమారు చేయడం. అంటే ఆ టైపు తనకు తాను రెండు రకాలుగా సమానం! మామూలు గణితంలో ఈ మాటంటే నవ్వుతారు. ఇక్కడ దానితోనే పని. ఏ దారిన సమానమో తెలిస్తే, ఒకదాని మీద నిరూపించినదాన్ని ఆ దారి వెంబడే రెండోదానికి మోసుకుపోవచ్చు.

2002లో ఫీల్డ్స్ మెడల్ అందుకున్న వోయివోద్‌స్కీకి ఈ గొడవెందుకు? మిఖాయిల్ కప్రనోవ్‌తో కలిసి రాసిన తన పాత పేపరు తప్పని 1998లో కార్లోస్ సింప్సన్ చూపినా, 2013 దాకా ఆయనకు నమ్మకం కుదరలేదు. ఈలోగా యంత్రం సరిచూడని నిరూపణ మీద ఆయనకు భరోసా పోయింది. 2012–13లో ప్రిన్స్‌టన్ ఇన్‌స్టిట్యూట్‌లో ఏడాదిపాటు సాగిన కార్యక్రమం నుంచే ఈ రంగపు మూల గ్రంథం వెలువడింది.

గుడియాత్తం స్టేషన్ ఉన్న రైలుమార్గమే బెంగళూరుకూ పోతుంది. అక్కడి ఐఐఎస్‌సీలో సిద్ధార్థ గాడ్గిల్ “లాజిక్, టైప్స్ అండ్ స్పేసెస్” అనే కోర్సు చెప్పారు. 2017 డిసెంబరులో గణితవేత్త టెరెన్స్ టావో తదితరులు గ్రూపుల మీద ఒక సమస్యతో కుస్తీ పడుతుంటే, గాడ్గిల్ ప్రోగ్రాం రాసిన నిరూపణను మనుషులు చదివి, అందులోని కీలకం పట్టుకుని పరిష్కారానికి వెళ్లారు. అది యూనివాలెన్స్ ఫలం కాదు గానీ, యంత్రంతో కలిసి ఆలోచించే ఈ అలవాటుకు మంచి సాక్ష్యం.

గణితమంతటికీ హోమోటోపీ టైప్ థియరీయే పునాది అవుతుందన్న ఆశ మాత్రం ఇంకా తీరలేదు. ఎక్కువమంది లీన్ అనే ఇంకో ప్రూఫ్ అసిస్టెంట్ వైపు వెళ్లారు. దాని సమానత్వంలో ఒకటికి మించి దారులకు చోటులేదు. అయినా ఈ పద్ధతి ఉత్త ఊహ కాదు. గియోమ్ బ్రూనరీ 2016 థీసిస్‌లో నిర్వచించిన ఒక సంఖ్యను యంత్రం లెక్కించలేక ఏళ్లపాటు చతికిలబడింది. 2022లో ఆక్సెల్ యుంగ్‌స్ట్రోమ్ నిర్మాణాన్ని సులువు చేస్తే, యాగ్డాకే ఒక రూపమైన క్యూబికల్ యాగ్డా −2 అని జవాబిచ్చింది.

కాట్పాడిలో ఇంజినీరింగ్ చదివే తెలుగు పిల్లలకు ప్రోగ్రామింగ్ ఎలాగూ వచ్చు. సగం దారి నడిచినట్టే. ఎగ్బర్ట్ రైకే పాఠ్యపుస్తకం ఆర్కైవ్ (arXiv) వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతుంది. టోపాలజీ రాకపోయినా దానితో మొదలుపెట్టండి. అభ్యాసాలు మాత్రం వదలకండి, యాగ్డాలోనే చేయండి.