కట్టెయ్యని సిస్టరమ్మ
2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో పాకకు నిప్పంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉన్న మానసిక రోగులు తప్పించుకోలేక 28 మంది చనిపోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులను నిషేధించింది. తక్షణ ప్రమాదం ఆపడానికి మరో దారే లేకుంటే తప్ప కట్టెయ్యకూడదంది. అర్ధరాత్రి వార్డులో ఆ చట్టాన్ని నిలబెట్టేది మాత్రం సిస్టరమ్మే.

రోగి కేకలేస్తూ లేస్తే, శిక్షణ పొందిన సిస్టర్ మీదికి వెళ్లదు. చేతికందనంత దూరంలో, కాస్త పక్కగా, తలుపు దారి వదిలి నిలబడుతుంది. "అన్నా, నీళ్లు తాగుతావా? లైటు తీసెయ్యనా?" అంటుంది. ముట్టుకునే ముందు అడుగుతుంది. చిన్నప్పుడు దెబ్బలు తిన్నవాళ్లకు మణికట్టు పట్టుకుంటేనే పాత భయం తిరగబెడుతుందని ఆమెకు తెలుసు. ఇంజెక్షన్ వెయ్యడంలాగే ఇదీ నేర్చుకుని చేసే పని. (జాలిగుండె అని మెచ్చుకుని ఊరుకుంటాం!) రాత్రి డ్యూటీలో ఒంటరిగా వదిలేస్తే ఎంత నేర్పున్నా సాగదు. ఆమెకు తోడుగా మరో సిస్టర్‌ని వెయ్యండి.