సైకిల్ కిరాయి

సెలక్షన్ లిస్టు పెట్టిన సాయంత్రం గ్రౌండ్ గేటు దగ్గర నన్ను ఆపేవాళ్లు రెండు రకాలు. "మావాడు ఒక్కరోజు నాగా పెట్టలేదు సార్, ముసురులో కూడా వచ్చాడు. వాణ్ణి బెంచీ మీద కూర్చోబెట్టి, నెలకు నాలుగు రోజులు ముఖం చూపించేవాణ్ణి ఆడిస్తారా?" అంటారు ఒకరు. "వచ్చాడా రాలేదా అని చూస్తారేంటి సార్, బంతి దొరికితే వాడేం చేస్తాడో చూడండి" అంటారు ఇంకొకరు. కాలనీ పిల్లల ఫుట్‌బాల్ టీమ్‌కు పదకొండు పేర్లు రాయడం నా పని. జీతం లేదు, తిట్లు మాత్రం ఠంచనుగా అందుతాయి.

రెండో రకంవాళ్లు ఈ మధ్య, యూట్యూబ్ పుణ్యమా అని, రొమారియోను సాక్ష్యానికి తెస్తున్నారు. ఆ బ్రెజిల్ మహానుభావుడికి ప్రాక్టీస్ అంటే గిట్టదన్నది జగమెరిగిన సంగతే. 1992 చివర్లో జర్మనీతో ఫ్రెండ్లీకి పిలిపించి బెంచీ మీద కూర్చోబెట్టారని నోరు చేసుకుంటే, కోచ్ పరేరా అతన్ని జట్టులోంచి తప్పించాడు. 1993 సెప్టెంబర్‌లో ఉరుగ్వేతో చివరి క్వాలిఫయింగ్ మ్యాచ్ మీదికొచ్చాక మళ్లీ కబురు పంపాడు. మరకానాలో బ్రెజిల్ 2-0తో గెలిచింది, ఆ రెండు గోల్సూ రొమారియోవే. మరుసటి ఏడాది అమెరికాలో 5 గోల్స్ కొట్టాడు, ప్రపంచకప్పు ఇంటికి తెచ్చాడు. ఇంతకంటే ఏం కావాలి సార్ అంటారు.

చాలా కావాలి. పరేరా ముందున్నది పూర్తిగా తయారైన ఆటగాడు. హాలండ్‌లో ఐదేళ్లు గోల్స్ కురిపించి బార్సిలోనాకు చేరిన 27 ఏళ్లవాడు. అలాంటివాడి బద్ధకాన్ని భరించడం లాభనష్టాలు తెలిసి చేసే బేరం. పన్నెండేళ్ల పిల్లాడి దగ్గర ఆ లెక్క ఎవరికి తెలుసు? ఆ వయసులో మనం టాలెంట్ అని మురిసిపోయేది చాలాసార్లు ఒడ్డూ పొడుగే. ఏడో తరగతికే నూనూగు మీసం వచ్చినవాడు తోటివాళ్లను భుజంతో నెట్టి బంతి లాక్కుంటాడు, గట్టు మీద చప్పట్లు మోగుతాయి. యూరప్ అకాడమీల్లో సెలక్షన్ ఏడాది మొదటి నెలల్లో పుట్టిన పిల్లలే ఎక్కువగా ఉంటారని పరిశోధకులు ఏనాటినుంచో చెబుతున్నారు. కొన్ని నెలల పెద్దరికం ప్రతిభ వేషం కడుతుందన్నమాట. దీనికి మన బర్త్ సర్టిఫికెట్ల మహిమ కూడా తోడైతే... ఎందుకులెండి.

అలాగని హాజరుపట్టీ చూసి టీమ్ రాయడమూ నావల్ల కాదు. రోజూ వచ్చి, రోజూ అదే కుడికాలితో అదే పాస్ ఇచ్చి ఇంటికెళ్లే పిల్లాడు చెమటోడుస్తున్నాడు, నిజమే. ఆట నేర్చుకుంటున్నాడా?

ఈ చిక్కు తెగనప్పుడల్లా నేను రహీం సాబ్‌ను తలుచుకుంటాను. సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాద్‌లో పంతులుగా పనిచేసిన మనిషి. ఆయన కోచింగ్‌లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన చేతికింద భారత జట్టు 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 2024లో అజయ్ దేవగణ్ సినిమా 'మైదాన్' వస్తే తప్ప మా టీమ్ పిల్లలకు ఆ పేరే తెలియలేదు. హైదరాబాద్‌లో ఉంటూ!

ఆయన ప్రాక్టీస్ పెట్టే తీరే వేరు. డ్రిబ్లింగ్ చేయకూడదని ఒక పోటీ. వాటంలేని కాలితోనే ఆడాలని ఇంకో పోటీ. కుడికాలి వాటంవాడు ఎడమకాలితోనే కొట్టాలి. అంతదాకా అక్కరకొచ్చిన సొగసు అక్కడ పనికిరాదు. ఎవడు విసుక్కుని పక్కకు తప్పుకుంటాడో, ఎవడు నలుగురూ నవ్వుతున్నా పళ్లబిగువున మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తాడో తేలిపోతుంది. నేను ఆ పోటీని కాపీ కొట్టాను. పేర్లు రాసేటప్పుడు నేను చూసేది, కిందటి నెలకూ ఈ నెలకూ ఆ రెండో కాలు ఎంత మారిందన్నదే. నా దృష్టిలో టాలెంట్ అంటే ఆ మార్పే.

రహీం సాబ్ దగ్గర నేర్చుకోవాల్సింది ఇంకోటుంది. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో తులసీదాస్ బలరాం అనే కుర్రాడుండేవాడు. ఇంట్లో పేదరికం. ఆట చూసిన రహీం సెలక్షన్స్‌కు రమ్మంటే, రోజూ హైదరాబాద్ దాకా రావడానికి డబ్బుల్లేవన్నాడు. హాజరుపట్టీ లెక్కన అక్కడితో కథ కంచికి చేరాలి. రహీం ఆ కుర్రాడికి సైకిల్ కిరాయి డబ్బులిచ్చి రప్పించుకున్నారు. బలరాం 1956లో మెల్‌బోర్న్ వెళ్లాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీదా పెరూ మీదా గోల్స్ కొట్టాడు. 1962 జకార్తా ఆసియా క్రీడల స్వర్ణంలో అతనికీ వాటా ఉంది.

మరి నెలకు నాలుగు రోజులే ముఖం చూపించే మా పిల్లల సంగతేంటి? ఒకడు సాయంత్రాలు నాన్న మిర్చిబజ్జీల బండి దగ్గర ప్లేట్లు కడగాలి. ఇంకొకడు రెండు బస్సులు మారాలి. మూడోవాడు మాత్రం అచ్చమైన బద్ధకస్తుడు, వాణ్ణి బెంచీ మీదే ఉంచాను. రిజిస్టర్‌లో ముగ్గురికీ పడేది ఒకటే గుర్తు. కారు దిగి నేరుగా గ్రౌండ్‌లోకి వచ్చే పిల్లాడికి నూటికి నూరు హాజరు రావడంలో వింతేముంది? కష్టపడ్డవాడికే చోటు అనడం వినడానికి బాగానే ఉంటుంది. కష్టపడే వీలు కూడా కొందరికే ఉందన్నది ఆ మాట అనేవాళ్లకు తట్టదు.

పెద్దల ఆటలో ఈ లెక్కలు కొంత మారతాయి. జకార్తాలో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. అతన్ని కూర్చోబెట్టకుండా సెమీఫైనల్లోనూ ఫైనల్లోనూ సెంటర్ ఫార్వర్డ్‌గా దించారు రహీం. జ్వరం పడి లేచిన పీటర్ తంగరాజ్‌ను ఫైనల్‌లో గోల్ దగ్గర నిలబెట్టారు. దక్షిణ కొరియా మీద 2-1తో గెలిచాం, ఒక గోల్ పీకే బెనర్జీది, రెండోది జర్నైల్‌ది. పైకి చూస్తే ఇదంతా జూదంలా ఉంటుంది. కానీ జర్నైల్ కాలేజీ రోజుల్లో ఫార్వర్డ్‌గా ఆడిన సంగతి రహీంకు తెలుసు. ఎవడి కాలు ఎంత పని చేస్తుందో ప్రాక్టీస్‌లో కళ్లారా చూసి ఉన్న కోచ్‌కే ఆ తెగింపు చెల్లుతుంది. మరుసటి ఏడాది జూన్‌లో ఆయన క్యాన్సర్‌తో కన్నుమూశారు.

మా దగ్గర ప్రాక్టీసే కొలమానం. రాలేనివాడికి వచ్చే దారి చూపించాకే ఆ కొలమానం బయటికి తీస్తాను. బజ్జీల బండి పిల్లాడి కోసం ప్రాక్టీస్‌ను పొద్దున ఆరింటికి మార్చాం. కొందరు తల్లిదండ్రులు నిద్ర పాడవుతోందని గొణిగారు, గొణగనీ. రెండు బస్సుల పిల్లాడి సంగతి ఇంకా తేలలేదు. ఈ సీజన్‌కు కొత్త జెర్సీలు కుట్టిస్తామని, వీపు మీద తమ షాపు పేరు వేయించమని ఇద్దరు దాతలు ముందుకొచ్చారు. అయ్యా, పాత జెర్సీలు ఇంకో ఏడాది నడుస్తాయి. ఆ డబ్బు బస్ పాసులకివ్వండి. కావాలంటే మీ షాపు పేరు గ్రౌండ్ గేటు మీద పెద్దక్షరాలతో రాయిస్తాను.