జిల్లా పేజీకి డబ్బెవరిస్తారు?

మా అపార్ట్‌మెంట్ గ్రూపులో తెల్లారేసరికి నాలుగైదు పేపర్ల పీడీఎఫ్‌లు వచ్చి పడుతుంటాయి. ఈ వారం ఒకాయన "ఇక పేపర్ వేయించుకోవడం దండగ" అని కూడా రాశాడు. కింద వరసగా బొటనవేళ్లు. నాకు ఒళ్లు మండింది. ఊరికే చదివే హక్కు ఎవరిచ్చారని గట్టిగా అడుగుదామనే ఈ కాలమ్ మొదలుపెట్టాను.

ఆ కోపానికి కారణం జిల్లా పేజీ మీద నాకున్న మమకారం. 1974లో విశాఖలో పుట్టిన ఈనాడు, తెల్లారకముందే గుమ్మంలో పేపర్ పడేయడాన్నే తన బలంగా చేసుకుంది. 1989లో జిల్లాకో టాబ్లాయిడ్ తెచ్చింది. మిగతావాళ్లూ ఆ దారే పట్టారు. మా ఊరి బస్టాండులో చీకటి ఉండగానే వ్యాన్ కట్టలు దింపేది. ఏజెంటూ కుర్రాళ్లూ నేలమీద కూర్చుని మెయిన్ పేపర్లో జిల్లా టాబ్లాయిడ్ దూర్చేవాళ్లు. మా మండల విలేకరి అక్కడే టీ తాగుతూ తన వార్త పడిందో లేదో చూసుకునేవాడు. ఆయనకు జీతం లేదు. అచ్చయిన వార్త కొలిచి ఇచ్చే లైన్ అకౌంట్, తెచ్చిన ప్రకటన మీద కమీషన్, అంతే. ఉగాదికీ ఆగస్టు 15కీ సర్పంచుల చుట్టూ, రైస్‌మిల్లుల చుట్టూ తిరిగి శుభాకాంక్షల ప్రకటనలు పట్టుకొచ్చేవాడు. చెరువు తూము కొట్టుకుపోతే ఆ వార్త రాయాల్సిందీ ఆయనే, తూము కట్టిన కాంట్రాక్టరును ప్రకటన అడగాల్సిందీ ఆయనే. ఆ ఇరకాటం తలచుకుంటే నాకిప్పటికీ బాధే.

ఆయన గుర్తొచ్చాక పీడీఎఫ్‌ల మీద కోపం నిలవలేదు. మనం ఏనాడు పేపర్ ఖరీదు మొత్తం ఇచ్చాం? 2008లో సాక్షి ఒకేసారి 23 ఎడిషన్లతో రెండు రూపాయలకే వచ్చింది. అది కాగితం ఖర్చుకే చాలదు. మిగిలిందంతా ప్రకటనలే మోశాయి. ఇప్పుడు సర్పంచ్ తన శుభాకాంక్షలు వాట్సాప్ స్టేటస్‌లో పైసా ఖర్చు లేకుండా పెట్టుకుంటున్నాడు. బట్టల కొట్టు చీరలు ఇన్‌స్టాగ్రామ్‌లో చూపిస్తోంది. పెద్ద కంపెనీల డబ్బు గూగుల్‌కూ ఫేస్‌బుక్‌కూ మళ్లింది. 2020 లాక్‌డౌన్‌లో చాలా జిల్లా టాబ్లాయిడ్లు మెయిన్ పేపర్లో కొన్ని పేజీలుగా కుదించుకుపోయాయి. పీడీఎఫ్ వల్ల నష్టం లేదనను. కానీ విలేకరిని పోషించిన డబ్బు పాఠకుడి జేబులోది కాదు, కాబట్టి పాఠకుడు ఎగ్గొట్టాడనడం న్యాయం కాదు.

అసలు పాఠకుణ్ణి ఆ ఖర్చు భరించమని ఇన్నాళ్లూ ఎవరూ సూటిగా అడగలేదు. ఈ-పేపర్‌కు చందా కట్టమనే యాజమాన్యం, అందులో మండల విలేకరికి ఎంత చేరుతుందో మొదటి పేజీలో వేయాలి. ఆయనకు నెల జీతం ఇస్తామని రాతపూర్వకంగా చెబితే, మా అపార్ట్‌మెంట్‌లో ఇంటింటికీ వెళ్లి చందా కట్టించే పని నేను తీసుకుంటాను.