పగడానికి ఎంత ఎండ కావాలి?

పెదకూరపాడు చుట్టుపక్కల ఆగస్టు వచ్చిందంటే షేడ్‌నెట్ల కింద ట్రేలలో మిరప నారు కళకళలాడుతుంటుంది. నెలకు పైగా నీడపట్టున పెరిగిన ఆ నారును తీసుకెళ్లి నేరుగా పొలంలో నాటే రైతు ఉండడు. నాటడానికి వారం పది రోజుల ముందే నీళ్లు తగ్గిస్తాడు. పొద్దునో సాయంత్రమో వల పక్కకు లాగి కాస్త ఎండ తగలనిస్తాడు. మొక్క రాటుదేలాకే చేలోకి తీసుకెళతాడు. తొందరపడితే ఆకు తెల్లబడి మాడిపోతుందని అతనికి తెలుసు.

సముద్రపు గాలి సోకని ఈ నల్లరేగడి నేలలో రైతుకు తెలిసిన ఆ లెక్కే గాజు తొట్టెలో పగడాలు పెంచేవారికి మొదటి పాఠం. ఆ విద్యలో చాలా ఏళ్లపాటు సూర్యుడి స్థానంలో నిలబడిన దీపం పేరు మెటల్ హాలైడ్.

పగడాన్ని మనం ఉంగరంలో రాయిగా చూస్తాం. తొట్టెల్లో పెంచే దిబ్బ పగడాలు వేరే జాతులు. అవీ ప్రాణులే. సున్నంతో తన ఇల్లు తానే కట్టుకునే చిన్న జంతువు పగడం. దాని ఒంట్లో కంటికి కనిపించని నాచు కణాలు కాపురముంటాయి. ఎండ తగిలితే అవి ఆహారం వండుతాయి, అందులో ఎక్కువ వాటా ఇల్లిచ్చిన పగడానికే పెడతాయి. కాబట్టి వెలుతురు తగ్గితే పగడం పస్తుంటుంది. వెలుతురు, వేడి మితిమీరితే నాచు కణాలను బయటికి నెట్టేసి పాలిపోతుంది. 1998లో సముద్రం వేడెక్కినప్పుడు లక్షద్వీప్, మన్నారు సింధుశాఖ పగడాలు తెల్లబారింది ఇందుకే.

జకార్తాలో లీ చిన్ ఎంగ్ అనే ఆయన సముద్రపు రాళ్లు, మామూలు ఎండ, గాలి బుడగలతోనే తొట్టెలో పగడాలను బతికించి, ఆ పద్ధతిని 1961లో ప్రపంచానికి చెప్పాడు. ఆయనకు ఉష్ణమండలపు సూర్యుడు తోడున్నాడు. మబ్బు పట్టిన జర్మనీలో ఆ సూర్యుడు ఎక్కడ దొరుకుతాడు? బెర్లిన్ ఔత్సాహికులు చిన్న జీవులు కాపురమున్న సముద్రపు రాళ్లు, నురుగు రూపంలో మలినాన్ని తీసే స్కిమ్మర్, పైన మెటల్ హాలైడ్ దీపాలు కలిపి ఒక పద్ధతిని కుదుర్చుకున్నారు. బెర్లిన్ పద్ధతిగా అది లోకమంతా పాకింది.

ఈ దీపం మనకు కొత్తదేమీ కాదు. తిరునాళ్లలో, రాత్రి కబడ్డీ కోర్టుల్లో ఎత్తున వెలిగిన తెల్లటి పెద్ద లైట్లు చాలావరకు ఇవే. కరెంటు పోయి మళ్లీ వస్తే ఇళ్లలో బల్బులన్నీ వెలిగినా, ఆ పెద్ద లైటు మాత్రం పది, పదిహేను నిమిషాలు మొరాయిస్తుంది. లోపలి క్వార్ట్జ్ గొట్టంలో పాదరసం, లోహాల అయోడైడ్లు ఉంటాయి. వాటి ఆవిరి గుండా విద్యుత్తు మెరుపులా సాగినప్పుడే వెలుతురు. గొట్టం చల్లబడి లోపలి ఒత్తిడి తగ్గేదాకా ఆ మెరుపు మళ్లీ అంటుకోదు. దీపానికి తగిన చోక్, ఇగ్నిటర్ జత కలవడం తప్పనిసరి. 250 వాట్లు అని ఒకేలా రాసి ఉన్నా, అన్ని చోక్‌లూ అన్ని దీపాలకూ సరిపోవు. జత కుదరకపోతే రంగు మారుతుంది, దీపం ఆయుష్షు తగ్గుతుంది.

ఎంపికలో మొదట చూడాల్సింది తొట్టె లోతు. అడుగున్నర లోతుకు 150 వాట్లు, రెండడుగులకు 250, అంతకు మించితే 400 అన్నది పెంపకందారులు అనుభవం మీద పెట్టుకున్న కొలత. పొడవులో రెండడుగులకు ఒక దీపం చాలు.

రెండోది రంగు. దీన్ని కెల్విన్లలో చెబుతారు. 6500 అంటే మధ్యాహ్నపు ఎండ ఛాయ, 10000 అంటే తేటతెలుపు, 14000 దాటితే నీలం వైపు, 20000 అంటే ముదురు నీలం. సముద్రపు నీరు ఎరుపును ముందే మింగేస్తుంది, లోతుకు చేరేది నీలమే. పగడంలోని నాచుకూ నీలం ఇష్టమే. అయితే కంటికి ఇంపుగా ఉందని 20000 దీపం కొన్నవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. అవే వాట్లకు అది ఇచ్చే వాడదగ్గ వెలుతురు 6500 దీపం కంటే బాగా తక్కువ. అందుకే చాలామంది 10000 దీపం పెట్టి, పక్కన నీలి ట్యూబులు జోడించేవారు.

ఈ తేడాలను ఊహకు వదలకుండా కొలిచి చూపినవారిలో అమెరికాలోని పెన్‌స్టేట్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు సంజయ్ జోషి ముఖ్యుడు. ఏ దీపం, ఏ చోక్, ఏ అద్దం కలిస్తే ఎంత వెలుతురు వస్తుందో ఆయన ఏళ్ల తరబడి కొలిచి పట్టికలు వేశారు. కిరణజన్య సంయోగక్రియకు పనికొచ్చే వెలుతురును పార్ అంటారు. మిట్టమధ్యాహ్నపు ఎండలో అది 2000 దాకా ఉంటుంది. కొమ్మల్లా పెరిగే ఆక్రోపోరాకు 250 నుంచి 400 సరిపోతుంది, పుట్టగొడుగు పగడానికి 50 నుంచి 100 చాలు. కాబట్టి మొదటిదాన్ని దీపం కింద ఎత్తైన రాతిమీద, రెండోదాన్ని ఓరగా అడుగున పెడతారు.

ఇక సర్దుబాటు. అసలు నేర్పంతా ఇక్కడే ఉంది. కొత్త పగడం వచ్చినా, పాత దీపం తీసి కొత్తది పెట్టినా, దీపాన్ని మామూలు కంటే ఎత్తుకు లేపాలి. లేదా తొట్టెకూ దీపానికీ మధ్య ప్లాస్టిక్ వల రెండు మూడు పొరలు పరచాలి. కొన్ని రోజులకొక పొర తీస్తూ, దీపాన్ని కొంచెం కొంచెం దించుతూ రావాలి. మిరప నారుకు షేడ్‌నెట్ తీసినట్టే. ఏడాది వాడిన దీపం కంటికి మామూలుగానే వెలుగుతున్నా దాని సత్తువ తగ్గి ఉంటుంది. పగడం ఆ తగ్గుదలకు అలవాటుపడుతుంది. అకస్మాత్తుగా కొత్త దీపం వెలిగితే దానికి అది వడదెబ్బే.

రెండు కొసల వద్దా బిగించే రకం మెటల్ హాలైడ్ దీపాలకు అతినీలలోహిత కిరణాలను ఆపే పైగాజు ఉండదు. కింద గాజుపలక లేకుండా వాటిని వెలిగిస్తే పగడాలు కాలిపోతాయి. గొట్టాన్ని ఒట్టి చేత్తో తాకకూడదు, చేతి జిడ్డు వేడికి మరకై క్వార్ట్జ్‌ను పగలగొడుతుంది. రోజుకు ఎనిమిది, పది గంటల వెలుతురు చాలు, మిగతాది చీకటి. ఆ చీకటీ పగడానికి అవసరమే.

వేడి మన ప్రాంతంలో పెద్ద సమస్య. రెంటచింతల ఎండలకు పేరుమోసిన పల్నాడులో 250 వాట్ల దీపం నీటి మీద వెలిగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. పగడానికి 24 నుంచి 27 డిగ్రీలు హాయి. ఫ్యాన్ గాలికి నీరు ఆవిరై కొంత చల్లబడుతుంది. ఆవిరైనంత మేరకు మంచినీరే పోయాలి, ఉప్పు తొట్టెలోనే మిగులుతుంది కనుక. నడివేసవికి నీటిని చల్లబరిచే చిల్లర్ లేకుండా గడవదు.

మంచి వెలుతురు పడ్డ పగడం త్వరగా ఇల్లు కడుతుంది, దానికి సున్నం కావాలి. పగడాల పెంపకంలో నిపుణుడు పీటర్ విల్కెన్స్ అందుకు సూచించింది సున్నపు తేట. పిడుగురాళ్ల బట్టీల సున్నాన్ని ఎరిగిన మనకు ఆ మాట ఎంత దగ్గరిది! అయితే తొట్టెలో వాడేది శుద్ధి చేసిన కాల్షియం హైడ్రాక్సైడ్. అదీ చుక్కచుక్కగా పడాలి.

నేడు ఎల్‌ఈడీలు వచ్చాయి. కరెంటు ఆదా, వేడి తక్కువ, పాదరసం లేదు. మెటల్ హాలైడ్ వెనక్కి తగ్గడం సబబే. కానీ ఒకే బిందువు నుంచి వచ్చే దాని కాంతి అలలమీద విరిగి ఇసుకపై మెరుపుతీగల్లా కదిలే అందం, తొట్టె అంతటా పరుచుకునే నిండుదనం చూసినవారు దాన్ని మరిచిపోరు. అంతకంటే విలువైనది అది నేర్పిన క్రమశిక్షణ: కొలవడం, ఆగడం, ప్రాణి ఏం చెబుతోందో చూడడం. పాలిపోతే వెలుతురు ఎక్కువైందేమో చూడాలి. గోధుమరంగుకు తిరిగితే తక్కువైందేమో చూడాలి. దీపం ఎల్‌ఈడీ అయినా ఈ విద్య అదే.

చివరిగా ఒక మాట. మన దేశంలో దిబ్బలు కట్టే పగడాలకు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలు రక్షణ ఉంది. పులిని పట్టడం ఎంత నేరమో పగడాన్ని సముద్రం నుంచి విరిచి తేవడమూ అంతే నేరం. ఎవరైనా అమ్మజూపినా కొనకండి. విదేశాల్లో స్థిరపడ్డ మన పిల్లలు అక్కడి చట్టం ఒప్పుకుని పెంచుకుంటే, తొట్టెలో పెరిగిన పగడపు ముక్కనే అడిగి తీసుకోమని చెప్పండి. దీపాన్ని మొదట ఎత్తులో ఉంచి మెల్లమెల్లగా దించమని కూడా చెప్పండి. ఎందుకని అడిగితే, ఇంటి దగ్గర నాన్న మిరప నారుకు వల ఎలా తీసేవాడో గుర్తుచేయండి.